కెటిల్ అడుగు సున్నం

ఇరవై ఆరేళ్లు తగరపు గని ల్యాబులో
నీళ్లు కొలవడమే నా కొలువు.
గ్లాసు వెలుతురుకి పెట్టి చూస్తే చాలు
లోపలి ఉప్పు చెప్పేయగలనని పొగరు.

రిటైరయ్యాక, కావ్ బాంగ్ కొండల కింద
రేకుల వరండాలో నలభై కుండీలు పెట్టాను.
చెప్పు పూలు.
కాడకొక చెప్పే పూస్తుంది,
జత ఎక్కడుందో ఎవరికీ తెలీదు.

మొదట కుళాయి నీళ్లు పోశాను.
మీటరు నాలుగు వందలు దాటింది.
ఆకుల కొసలు అగ్గిపుల్లల్లా మాడాయి,
కుండీ అంచున తెల్లటి పెచ్చు కట్టింది.
సరేనని ఫిల్టరు కొన్నాను, రెండు నెలల పింఛను.
అందులోంచి దిగే నీళ్లలో
అంకె ఏడు దగ్గరే చతికిలబడింది.
అవే పోశాను ఏడాది పాటు
బాలింతకి పథ్యం పెట్టినట్టు
ఉప్పూ కారం తగలనీయకుండా.

అవి చావలేదు. అదే బాధ.
పుట్టిన ప్రతి ఆకూ పాతదానికంటే పొట్టి,
కొసన నలుపు, తలుపు సందున నలిగిన గోరులా.
పూత మందని సంతలో అంటగట్టిన
పొటాషియం పొడి వేస్తే
ఇంకాస్త ముడుచుకున్నాయి,
ఎవరో చిన్నమాట అన్నట్టు.

చాన్ ఫిన్ పై ఊరి దావ్ మనిషి.
ఒకప్పుడు ఈ మొక్కల్నే గోనెసంచుల్లో కుక్కి
కిలో లెక్కన అమ్మినవాడు.
"ఆ తూర్పు గోడంతా నేనే ఊడ్చేశాను" అంటాడు
గొప్పగా కాదు, దాచుకునీ కాదు,
పాత జ్వరం గురించి చెప్పినట్టు.

వచ్చి ఒక కుండీ బోర్లించాడు.
వేళ్ల మీది గోధుమరంగు నూగుని
బొటనవేలితో నిమిరాడు, కుక్కపిల్ల చెవిలా.
"దీనికి దుంప లేదు, కాడలో మూట లేదు.
ఇవాళ తాగిందే ఇవాళ్టి బతుకు.
నువ్వేమో ఉత్తనీళ్లు పోస్తున్నావు."

శుభ్రమైన నీళ్లన్నాను.

"వాన శుభ్రంగానే పడుతుంది.
తిన్నగా మొక్క దగ్గరికి వస్తుందా?
రాయి మీద జారి, పగుల్లో ఆగి,
నిరుటి ఆకుల కుళ్లు నాకి,
అప్పుడు కదా వేరు నోట్లో పడేది.
తాడుకి వేలాడుతూ ఆ చుక్కలే తాగాన్నేను.
రుచి ఉంటుంది."

నీళ్లలో ఏది ఎక్కువైందనే
ఇరవై ఆరేళ్లు రాశాను.
తక్కువైందేమిటన్న గడి
ఆ ఫారంలో లేదు.

ఇప్పుడు రేకుల మీది వాన
సున్నపురాయి ముక్కల తొట్టిలో
ఒక రాత్రి నిద్ర చేసి కానీ డ్రమ్ములోకి దిగదు.
తెల్లారి చూస్తే ఎనభై. ఒక్కోనాడు తొంభై.
బెరడు ముక్కల్లో గుప్పెడు ఆల్చిప్పల నూక.
ఎరువంటారా, చారులో ఇంగువంత:
ఉందని తెలియాలి, కనపడకూడదు.
పొద్దున్నే, మొదళ్లలోనే పోస్తాను.
ఆకుల నడిమి గుంటలో చుక్క నిలిస్తే
కాగితం మెలిపెట్టి అద్దేస్తాను,
దానికి రాత్రి తోడైతే కుళ్లే.
నెలకోసారి వట్టి వాననీళ్లతో
కుండీలన్నీ కడిగి పాత బాకీ తీర్చేస్తాను.

పద్నాలుగు నెలలకు ఒకటి పూసింది.
లేతపసుపు సంచి, పెదవి దగ్గర
వక్క నమిలినంత ఎరుపు.
చాన్ ఫిన్‌ని పిలిచాను.
మోకాళ్లు పట్టుకుని కూర్చుని
చాలాసేపు చూశాడు.
"కొండ మీద ఇంతకంటే పెద్దవి" అన్నాడు.
కాసేపాగి,
"ఉండేవి."

టీ పెడదామని లేచాను.
కెటిల్ అడుగున అదే తెల్లటి పెచ్చు,
ప్రతి ఆదివారం వెనిగర్ పోసి తోమి
తూములో పారబోసే సున్నం.
ఈసారి చెంచాతో గీకి
చిన్న సీసాలో వేశాను.

ఎందుకని అతను అడగలేదు.
రెండో గ్లాసు టీ అడిగాడు.